పదిహేడేళ్ల మేనేజరు కావలెను

దేశంలో మేనేజర్లకి ఎంత కరువొచ్చిందో చాలామందికి తెలియదు. ఎవరో ఒకరు డిగ్రీ పూర్తిచేసి, రెండేళ్లు ఉద్యోగం వెలగబెట్టి, ఐఐఎంల ఎంట్రన్సు క్యాట్ రాసి, ఆ తర్వాత తీరిగ్గా మేనేజరవుతానంటే దేశం అంతవరకూ ఆగేట్టు లేదు. ఈ సంగతిని అందరికంటే ముందు పసిగట్టింది ఇండోర్ ఐఐఎం. ఇంటర్ గట్టెక్కిన పిల్లల్ని నేరుగా తీసుకుని ఐదేళ్లలో మేనేజర్లుగా దించే ఐపీఎం కోర్సుని 2011లోనే మొదలుపెట్టింది. తర్వాత రోహ్‌తక్, రాంచీ, బోధ్‌గయ, జమ్మూ ఐఐఎంలు కూడా అదే బాట పట్టాయి. మీసం సరిగ్గా మొలవకముందే మనిషికి వ్యాపార దక్షత ఉందో లేదో తేల్చేయడం నాకు చాలా నచ్చింది. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు కూడా మనం ఇంత ముందుచూపు చూపించం.

అయితే ఈ వార్త తెలుగు ఇళ్లకి కాస్త ఆలస్యంగా చేరింది. అందుకు మనల్ని తప్పుపట్టడానికి లేదు. పదో తరగతి అయ్యాక మన లోకంలో ఉండేవి రెండే గ్రూపులు, ఎంపీసీ, బైపీసీ. ఎంఈసీ అని ఇంకోటి ఉంది గానీ, అది సీఏ చదివేవాళ్లకి. సీఈసీ కూడా ఉంది. అది "ఏం చేస్తాం, వాడి రాత అలా ఉంది" అనిపించుకునేవాళ్లకి. ఇంగ్లీషూ లెక్కలూ రాయించి మేనేజర్ని చేస్తారంటే, ఏ గ్రూపు వాళ్లని చేస్తారో తెలియక మా బావగారు చాలాకాలం ఆ విషయమే ఎత్తలేదు. ఏ గ్రూపైనా ఫర్వాలేదని తెలిసిన రోజు నుంచి మా మేనల్లుడికి నిద్ర లేదు.

ముందు పరీక్ష గురించి మాట్లాడుకోవాలి. మన పిల్లలు బిట్ల మీద పెరిగినవాళ్లు. ఈఏపీసెట్‌లో 160 బిట్లు, మైనస్ మార్కుల్లేవు. తెలిసినవి చేసేసి, తెలియనివాటన్నిటికీ వరసగా ఒకే ఆప్షన్ పెట్టుకుంటూ వచ్చేయమని లెక్చరర్లే చెబుతారు. ఎంత మానవీయమైన పద్ధతి! ఏమీ రానివాడికి కూడా నాలుగింట ఒక వంతు గౌరవం దక్కుతుంది. ఐపీఎం కోసం ఇండోర్ వాళ్లు పెట్టే ఐపీమ్యాట్ పరీక్షకి ఈ దయాదాక్షిణ్యాలు పట్టవు. 2024 పేపరే చూడండి. 90 ప్రశ్నలు, రెండు గంటలు. ఒప్పయితే 4 మార్కులు, ఆప్షన్ తప్పు పెడితే 1 మార్కు కోత. ఇంకా ఘోరం, 15 లెక్కలకి అసలు ఆప్షన్లే ఉండవు. జవాబు మనమే కనుక్కుని టైపు చేయాలి. ఎంపీసీయా బైపీసీయా, కంప్యూటర్సా ఎలక్ట్రానిక్సా, హైదరాబాదా అమెరికానా అంటూ ఇచ్చినవాటిలోంచి ఏరుకుంటూ వచ్చిన పిల్లలు ఖాళీ గడి చూస్తే బెదరక ఏం చేస్తారు? పైగా పేపర్ని మూడు భాగాలు చేసి ఒక్కోదానికి 40 నిమిషాలు కేటాయించారు. లెక్కలు ముందే అయిపోయాయి, మిగిలిన టైములో ఇంగ్లీషు చూసుకుంటానంటే కుదరదు. సగం ప్రశ్నలు ఆ ఇంగ్లీషువేనని విన్నప్పుడు మా అక్క దేవుడి గదిలోకి వెళ్లింది.

ఈ పరీక్షలెందుకు, ఇంటర్ మార్కులు చూసి సీటిచ్చేస్తే పోదా అని అడిగేవాళ్లు ఢిల్లీ యూనివర్సిటీని గుర్తుతెచ్చుకోవాలి. అక్కడ చాలాకాలం మార్కులే చూశారు. 2011లో శ్రీరామ్ కాలేజ్ ఆఫ్ కామర్స్ వాళ్లు, పన్నెండులో కామర్స్ చదవనివాళ్లు బీకాం ఆనర్స్‌లో చేరాలంటే నూటికి నూరు శాతం రావాలన్నారు. 2021 వచ్చేసరికి ఆ యూనివర్సిటీలో వంద శాతం కటాఫ్ పెట్టిన కోర్సులు ఒకటీ రెండూ కాదు. వందకి మించి మార్కులు వేసే బోర్డు దేశంలో లేకపోవడంతో 2022 నుంచి అందరికీ సీయూఈటీ అనే ఉమ్మడి ఎంట్రన్సు పెట్టారు. అక్కడి షహీద్ సుఖ్‌దేవ్ కాలేజీ వాళ్ల మేనేజ్‌మెంట్ డిగ్రీకి కూడా ఇప్పుడు అదే గతి. కాబట్టి ఎంట్రన్సు రాయక తప్పదు, రాసేద్దాం. రాయడంలో మనల్ని కొట్టినవాడు లేడు.

చిక్కల్లా ఆ తర్వాత ఉంది. ఇంటర్వ్యూ.

మన రెసిడెన్షియల్ కాలేజీలో చేరే రోజున పిల్లాడి ట్రంకు పెట్టె విప్పి చూస్తారు. ఫోను, క్యారమ్స్ స్ట్రైకరు, కథల పుస్తకం, క్రికెట్ బంతి, చదువుకి అడ్డొచ్చేది ఏది కనిపించినా తీసి తండ్రి చేతికిచ్చి పంపేస్తారు. నేను కళ్లారా చూశాను. మా వాడి పెట్టెలో మౌత్ ఆర్గాన్ దొరికితే వార్డెన్ గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఏ సబ్జెక్టుకి?" అని అడిగారు. రెండేళ్లు పొద్దున్నే స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, వారం వారం పరీక్ష, ఆదివారం ఔటింగ్ ఇస్తే ఇచ్చినట్టు. ఈ దీక్షంతా పూర్తయ్యాక ఐఐఎం ప్రొఫెసర్లు ఎదురుగా కూర్చోబెట్టుకుని ఏమడుగుతారయ్యా అంటే, నీ హాబీలేంటి బాబూ అని!

అడిగేవాళ్లకి అడిగే హక్కుంది. చెప్పేవాళ్లకి తర్ఫీదు కావాలి. అందుకని మా వాణ్ణి హైదరాబాదులో ఒక కోచింగ్ సెంటరుకి తీసుకెళ్లాను. మాక్ ఇంటర్వ్యూ పెట్టారు.

"నీ గురించి చెప్పు."

మావాడు ఇంటిపేరుతో మొదలుపెట్టి పూర్తి పేరు, కాలేజీ, సెక్షను, హాల్ టికెట్ నంబరు చెప్పి ఆగాడు.

"ఖాళీ సమయంలో ఏం చేస్తావు?"

"నిద్రపోతాను సార్."

ఇంత నిఖార్సయిన జవాబు ఆ గదిలో అంతకుముందు వినబడి ఉండదు. సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అలా అనకూడదు. పుస్తకాలు చదువుతాను అనాలి."

"ఏం పుస్తకం సార్?"

"అది సోమవారం మెటీరియల్లో ఇస్తాం."

తర్వాత నాయకత్వం గురించి వచ్చింది. ఎప్పుడైనా పదిమందిని నడిపించావా అన్నారు. తొమ్మిదిలో క్లాసు లీడర్ని, టీచరు లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసేవాణ్ణి అన్నాడు. సారు దాన్ని వెంటనే ఇంగ్లీషులోకి ఎత్తి రాసుకున్నారు. నేను తొంగిచూస్తే, విభిన్న నేపథ్యాలున్న బృందంలో క్రమశిక్షణను పర్యవేక్షించిన అనుభవం అని అర్థమొచ్చేట్టు ఉంది. ఈయన చేతిలో పడితే మా వీధి రికామీ బ్యాచీకి కూడా సీట్లు వస్తాయి.

అసలు మలుపు దుకాణం దగ్గరొచ్చింది. మా బావగారికి సత్తెనపల్లి దగ్గర ఎరువులూ పురుగుమందుల కొట్టుంది. మావాడు సెలవులొస్తే గల్లా పెట్టె దగ్గరే కూర్చుంటాడు. ఎవరికి ఎంతవరకు అరువివ్వచ్చో, మిర్చి గుంటూరు యార్డుకి వెళ్లి డబ్బు చేతికొచ్చాక ఎవరు నేరుగా కొట్టుకొస్తారో, ఎవరు పక్క సందులోంచి తప్పుకుపోతారో వాడికి తెలుసు. బాకీ వసూలుకి వెళ్తే ముందు పిల్ల పెళ్లి సంగతి అడగాలనీ, మంచినీళ్లు తాగాక గానీ చీటీ తీయకూడదనీ తెలుసు. వాన ఆలస్యమైన ఏడాది ఖాతా పుస్తకంలో ఏ పేజీలు మడతపెట్టాలో కూడా తెలుసు. ఇవన్నీ వాడు ఎవరూ అడక్కుండానే, మొదటిసారి కళ్లు వెలిగించుకుని చెప్పాడు.

సారు చేయెత్తి ఆపేశారు. "ఇది మాత్రం చెప్పొద్దు. సొంత వ్యాపారం ఉందంటే మరి నీకు ఎంబీఏ ఎందుకంటారు. పైగా పురుగుమందులంటే ఇమేజి బాగుండదు."

దానికి బదులు ఏం చెప్పాలో కూడా ఆయనే ఆలోచించారు. గుడ్డ సంచులమ్మే ఒక స్టార్టప్ పెట్టినట్టు. దానికి లోగో, వెబ్‌సైటు వాళ్లే చేయిస్తారు, ప్యాకేజీలో భాగం. సంచులు కొనాల్సిన పని లేదు, అమ్మాల్సిన పని అంతకన్నా లేదు. సామాజిక సేవకి ఒక ఆదివారం అనాథాశ్రమానికి వెళ్లి అరటిపళ్లు పంచితే చాలు, ఫొటో మాత్రం అడ్డంగా తీయాలి. అరువు ఖాతాతో అరవై కుటుంబాలతో లావాదేవీ నడిపే కుర్రాడు, ఒక్క సంచీ అమ్మని కంపెనీకి వ్యవస్థాపకుడిగా బయటికొచ్చాడు. ఇప్పుడు అచ్చం మేనేజరులా ఉన్నాడు.

ఇదంతా ఆఖరి నిమిషంలో హడావుడిగా చేయాల్సి రావడమే నాకు బాధ. కార్పొరేట్ కాలేజీల యాజమాన్యాలకి నాదొక మనవి. టైంటేబుల్లో ఆసక్తుల పీరియడ్ పెట్టండి. తెల్లవారుజామున నాలుగున్నరకైతే పిల్లల బుర్ర తాజాగా ఉంటుంది. సోమవారం గిటారు, మంగళవారం కరుణ, బుధవారం వర్తమాన వ్యవహారాలపై సొంత అభిప్రాయం. అభిప్రాయాలు ముందురోజు రాత్రే జిరాక్సు తీసి పంచేయాలి. శనివారం వీక్లీ టెస్టు. కరుణలో నలభైలోపు వచ్చినవాళ్లని ఔటింగ్‌కి వదలొద్దు. కరుణలో స్టేట్ ఫస్ట్ మాదంటే మాదని రెండు కాలేజీలు టీవీల్లో ఒకేసారి డబ్బా కొట్టుకునే రోజు వస్తే, అప్పుడు మన విద్యావ్యవస్థ సంపూర్ణమైనట్టు.

మొత్తానికి మావాడు ఇంటర్వ్యూ అయిందనిపించాడు. ఎలా చేశావురా అంటే, సంచుల గురించి అడగలేదు మావయ్యా, యూరియా ధర ఎవరు నిర్ణయిస్తారని అడిగారు అన్నాడు. ఏం చెప్పావన్నాను. మెటీరియల్లో లేదు కదా అని ఆలోచిస్తుంటే టైమైపోయిందట.

ఇక మిగిలింది బావగారికి అసలు విషయం చెప్పడం. మొత్తం ఖర్చు ముప్పై లక్షలు దాటుతుందని ఆయనకి ముందే తెలుసు, పొలం వైపు ఒక చూపు చూసి సరేనన్నారు. ఐదేళ్లూ చదివితే రెండు పట్టాలిస్తారనీ, ఒకటి ఎంబీఏ, మూడేళ్లకే ఆపి వచ్చేస్తే రెండోదొక్కటే ఇస్తారనీ కూడా తెలుసు. ఆ రెండోదాని పేరే తెలియదు. మొన్న ఫోన్లో చెప్పాను.

"బీఏ, ఫౌండేషన్స్ ఆఫ్ మేనేజ్‌మెంట్ అంటారు బావగారూ."

"ఏంటీ, బీయేనా?"

"అవునండీ."

"మన డిగ్రీ కాలేజీలో ఊరికే ఇస్తారే, ఆ బీయేనా?"

"పేరదే గానీ, ఇది ఐఐఎం వాళ్లిచ్చేది."

"ఏమోయ్, ముప్పై లక్షలు పోసి కొడుకుని బీయే చదివిస్తున్నానంటే రేపు కొట్టులో ఎవడైనా బాకీ కడతాడా?"

"ఐఐఎం అని పెద్దక్షరాలతో ఫ్లెక్సీ వేయిద్దాం బావగారూ. బీఏ అన్న మాటే ఉండదు."

ఆయన కాస్త తేరుకున్నారు. "సరే, సెంటర్లో కట్టేద్దాం. వాడి ఫొటో పంపు."

"ఇంకా రిజల్టు రాలేదు కదండీ!"

"రాకపోతే పైన కాగితం అంటించి ఈఏపీసెట్ ర్యాంకు రాయిస్తాలే. అదీ రాశాడుగా."