తెల్లచుక్క ఉంటే ఎంగిలి అంటదు

ఎంగిలి విషయంలో మనకున్నంత పట్టింపు ఇంకెవరికీ ఉండదేమో. చెంబు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుంటాం. పక్కవాడు కొరికిన జామకాయ ముట్టం. అలాంటి ఇళ్లలో పుట్టి లండన్‌లో స్థిరపడ్డ కొందరు పెద్దమనుషులు శనివారం పొద్దున్నే పోర్టోబెల్లో రోడ్డు సంతకు వెళ్తున్నారు. ఎవరో దొర నలభై ఏళ్లు పళ్ల మధ్య కరిచిపట్టుకున్న పొగ పైపును బేరమాడి కొని, మురిసిపోతూ ఇంటికొస్తున్నారు. వీళ్లను ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. మన ఆచారానికి వీళ్లు తెచ్చిన ఒక ముఖ్యమైన సవరణను ఎవరూ పట్టించుకోలేదన్నదే నా బాధ.

సవరణ ఇది: ధర ఒక స్థాయి దాటితే ఎంగిలి దానంతటదే తొలగిపోతుంది. స్టీలు గ్లాసుకు అంటుతుంది, డన్‌హిల్ పైపుకు అంటదు.

ఎందుకంటే దాని మీద తెల్లచుక్క ఉంది. ఆల్‌ఫ్రెడ్ డన్‌హిల్ 1907లో లండన్ డ్యూక్ స్ట్రీట్‌లో పొగాకు దుకాణం తెరిచాడు. నోట్లో పెట్టుకునే గొట్టానికి పైవైపేదో కిందివైపేదో తెలియడం లేదని, కొన్నేళ్లకు పైవైపున చిన్న తెల్లచుక్క పొదిగించాడు. అంటే తికమకపడే వాళ్ల సౌకర్యం కోసం పెట్టిన గుర్తు. వందేళ్లు తిరిగేసరికి అదే అభిరుచి గలవాళ్ల గుర్తయి కూర్చుంది. చుక్క, గొట్టం పక్కన పెడితే మిగతాదంతా మధ్యధరా తీరంలో పెరిగే బ్రయర్ అనే పొద వేరుబుడిప. దాన్ని ఉడకబెట్టి, నెలల తరబడి ఆరబెట్టి తొలుస్తారు. చుక్క లేని బ్రయర్ పైపులూ ఆ బుడిపవే. చుక్కతో కొత్తది కొనాలంటే వందల పౌండ్లు కావాలి కాబట్టి, జీతం రాళ్లవాడు పాతదాని వైపు చూస్తాడు.

చూసేటప్పుడు భూతద్దం తప్పనిసరి. డన్‌హిల్ మీద ‘ఇంగ్లండ్’ అన్న ముద్ర చివర ఒక చిన్న అంకె ఉంటుంది. తయారైన సంవత్సరాన్ని దాన్నిబట్టే లెక్కగడతారు. పెళ్లిచూపుల్లో కూడా వయసు గురించి ఇంత ఆరా తీయరు. అమ్మేవాడు అద్దంలా మెరవాలని మరీ అరగదీస్తే అంకె చెరిగిపోతుంది, దాంతోపాటు ధరా దిగుతుంది. కాడకు వెండి కట్టు కనబడితే వెంటనే మురిసిపోకండి, దాని కింద పగులు ఉండొచ్చు. పైగా అది వెండి కాకపోవచ్చు. డబ్లిన్‌లోని పీటర్సన్ కంపెనీ పైపుల నికెల్ కట్ల మీద మూడాకుల మొక్క, వేటకుక్క, గుండ్రటి బురుజు ముద్రలు వేశారు. అచ్చం హాల్‌మార్క్‌లాగే ఉంటాయి. ఆ కుక్కకు వెండి ధర కట్టినవాళ్లు కొల్లలు.

ఇక అసలు ఘట్టం, గొట్టం కొస. పాత పైపుల్లో ఇది ఎబొనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. ఏళ్లు గడిచేకొద్దీ వెలుతురుకు పాకుడు రంగులోకి తిరిగి, నోట్లో పెడితే చేదు కొడుతుంది. కొస దగ్గర కిందివైపు కోరపంటి గుంట ఒకటి, పైన రెండు సన్నటి గాట్లు. అమ్మేవాడి భాషలో ఇవి ‘స్వల్పంగా వాడిన ఆనవాళ్లు’. లైటర్ మంట దూరం నుంచి మెల్లగా చూపిస్తే రబ్బరు ఉబ్బి గుంట పైకి లేస్తుంది. దొరకు అంత్యక్రియలు జరిగి ఎన్నేళ్లయిందో గానీ, ఆయన కోరపంటికి మాత్రం మన చేతులమీదుగా ఇప్పుడు అగ్నిసంస్కారం.

పన్ను పోయినా వాసన పోదు. ఇంగ్లండ్‌లో కెండల్ ఊరి పొగాకుల్లో కొన్నింటికి పూల సెంటు దట్టంగా పట్టిస్తారు. దొర అదే కాల్చి ఉంటే, మనం ఏ పొగాకు నింపినా స్నానాల గదిలో కూర్చున్నట్టే ఉంటుంది. పైపురాయుళ్లు ఈ వాసనను దెయ్యమనే పిలుస్తారు. విరుగుడేమిటంటే, పైపులో పొగాకు నింపే గిన్నెలో ఉప్పు నింపి, స్పిరిట్ పోసి, రాత్రంతా వదిలేయడం. తెల్లారేసరికి ఉప్పు గోధుమరంగుకు తిరుగుతుంది. దిష్టి తీయడానికి ఉప్పే వాడాలని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు, మిగతా ప్రపంచం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది. (పైపు పొగ మింగరు కాబట్టి ప్రమాదం లేదనే వాదన ఒకటుంది. నోటి క్యాన్సర్ దాన్ని ఒప్పుకోలేదు.)

తెలిసిన కుర్రాడొకడు తన పైపును వీడియో కాల్‌లో మామ్మకు చూపించాడు. ఆవిడ లంక పొగాకు చుట్టలు కాల్చిన మనిషి, పొగ మీద ఆవిడకు ఏ అభ్యంతరమూ లేదు.

“ఎవరిదిరా అది?”

“సెకండ్‌హ్యాండ్ మామ్మా. అరవై ఏళ్ల నాటిది.”

“కడిగావా?”

“నీళ్లలో ముంచి కడక్కూడదంట.”

ఆవిడ ఫోను కొడుకు చేతిలో పెట్టి లేచి వెళ్లిపోయింది. సవరణ ఆవిడ దాకా ఇంకా చేరలేదు.

బడ్జెట్ మరీ బిగుతుగా ఉన్నవాళ్లకు దారి లేకపోలేదు. చెక్కలో చిన్న మచ్చో, సూదిమొనంత గుంటో ఉండి చుక్కకు నోచుకోని పైపుల కోసం డన్‌హిల్ వాళ్లే 1920ల్లో పార్కర్ అనే పేరు పెట్టారు. పొగకు ఆ మచ్చ తెలియదు. పాత పార్కర్ ఇప్పటికీ చక్కగా కాలుతుంది, ధర చాలా తక్కువ. అయినా దాన్ని సిఫార్సు చేయడానికి నాకు చేయి రావడం లేదు. అంత తక్కువ ధరకు ఎంగిలి మళ్లీ అంటుకుంటుంది కదా. పార్కరే గతి అనుకునేవాళ్లు స్పిరిట్ ఇంకో సీసా తెచ్చుకోండి.