కిట్ కారు చక్రాలకు ఎంత సందు విడవాలి? ఒక వాదోపవాదం

హనుమకొండలోని ఒక షెడ్డులో, 1957లో వచ్చిన లోటస్ సెవెన్ తరహాలో, ఇనుప గొట్టాల చట్రంతో ఇద్దరు కూర్చునే కారు ఒకటి విడిభాగాల కిట్టు నుంచి తయారవుతున్నది. దాని బరువు 600 కిలోలకు మించదు. కిట్టుతో వచ్చిన కాగితాల్లో 195/50 ఆర్ 15 టైరును (పేరుకు 195 మి.మీ. వెడల్పు, అందులో 50 శాతం పక్కగోడ ఎత్తు, 15 అంగుళాల రిమ్ము), 6 అంగుళాల వెడల్పూ 35 మి.మీ. ఆఫ్‌సెట్టూ (రిమ్ము మధ్యగీత నుంచి హబ్బుకు ఆనే ముఖం దాకా ఉన్న దూరం) ఉన్న రిమ్మును సూచించారు. కారు కట్టుకుంటున్న యువ ఇంజనీరు మాత్రం 205/50 ఆర్ 15 టైరును, 7 అంగుళాల వెడల్పూ 25 మి.మీ. ఆఫ్‌సెట్టూ ఉన్న రిమ్మును కోరుతున్నాడు. వరంగల్ ఆటోనగర్‌లో ఏళ్లుగా సస్పెన్షన్ పని చేసిన మిస్త్రి దానికి ఒప్పుకోవడం లేదు. టైరు ఎక్కడో ఒకచోట రాసుకుంటే పోయేది రబ్బరు ఒక్కటే కాదు, బ్రేకు గొట్టం కూడా తెగవచ్చు. అందుకే ఇద్దరి మాటలనూ వివరంగా రాస్తున్నాను.

ఇంజనీరు: కాకా, నేను 205 కావాలనడం చూపు కోసం కాదు, లెక్క వేసే అడుగుతున్నాను. 195 టైరు 6 అంగుళాల రిమ్ముపై ఎక్కితే దాని వెడల్పు సుమారు 201 మి.మీ. ఉంటుంది, 205 టైరు 7 అంగుళాల రిమ్ముపై సుమారు 219 మి.మీ. ఉంటుంది. అంటే ఒక్కో పక్కకు తొమ్మిది పెరుగుతుంది. కానీ ఆఫ్‌సెట్ 35 నుంచి 25కు తగ్గుతున్నందున చక్రం మొత్తంగా పది మి.మీ. బయటికి జరుగుతుంది. కాబట్టి చక్రాన్ని చట్రానికి కలిపే విష్‌బోన్ల వైపు సందు తగ్గకపోగా ఒక మి.మీ. పెరుగుతుంది, బయటి వైపు మాత్రం చక్రం 19 మి.మీ. బయటికి వస్తుంది. అక్కడ అడ్డు తగలవలసిన మడ్‌గార్డులను మనం ఇంకా తయారు చేయనే లేదు.

మిస్త్రి: నీ లెక్క తప్పని నేననను బిడ్డా. అయితే అది స్టీరింగు తిన్నగా ఉండి, కారు స్టాండ్ల మీద కదలకుండా ఉన్నప్పటి లెక్క. 195/50 టైరు వ్యాసం 576 మి.మీ. అయితే 205/50 వ్యాసం 586, అంటే ఇరుసు నుంచి అంచుకు ఐదు మి.మీ. పెరిగింది. స్టీరింగును ముప్పై డిగ్రీలు తిప్పినప్పుడు, మలుపు వైపు చక్రం వెనక అంచు చట్రం గొట్టం మీదికి వస్తుంది, ఆ ఐదులో సగం అక్కడ లోపలికే చేరుతుంది. నువ్వు మిగుల్చుకున్న ఒక మి.మీ. పోగా, ఇంకా ఒకటిన్నర దాకా తక్కువ పడుతుంది.

ఇంజనీరు: అందుకు స్టీరింగు ర్యాక్‌లో (చక్రాలను ఇటూ అటూ తిప్పే పళ్ల కడ్డీలో) ఆపులు పెట్టి తిరుగుడును కొంచెం తగ్గించవచ్చు. కంపెనీ కార్లలోనూ స్టీరింగుకు ఎక్కడో ఒకచోట ఆపు ఉంటుంది కదా.

మిస్త్రి: ఆపు ఇనుముదై, రెండు వైపులా సమానంగా ఉంటే నాకు అభ్యంతరం లేదు. ఇప్పుడున్న సందు సంగతి చూడు. చక్రానికి, దాని చుట్టూ ఉన్న ఏ భాగానికైనా మధ్య రెండు వేళ్లు దూరాలన్నది నేను పాటించే పద్ధతి, నీ 205తో చాలాచోట్ల ఒక వేలే దూరుతుంది.

ఇంజనీరు: ఆ పద్ధతితోనే నేను విభేదిస్తున్నాను, కాకా. సందులన్నీ ఒక జాతివి కావు. కాలిపర్ (బ్రేకు పట్టు), టై రాడ్ (స్టీరింగు కడ్డీ) చివర, పై బాల్ జాయింట్ (విష్‌బోన్ చివరి గుండ్రని కీలు) చక్రంతోపాటే పైకి కిందికి పోతాయి, స్టీరింగు తిప్పినా దానితోపాటే తిరుగుతాయి. వాటికీ రిమ్ముకూ మధ్య దూరం దాదాపు మారదు కనుక, ఐదారు మి.మీ. ఉన్నా సరిపోతుంది. మన కారులో ముందు మడ్‌గార్డులు కూడా చక్రం బిగిసే హబ్బు వెనక ఉన్న అప్‌రైట్‌కే (హబ్బును మోసే నిలువు ముక్కకే) బిగుస్తాయి కాబట్టి అవీ ఇదే కోవలోకి వస్తాయి. చట్రం గొట్టాలు, వెనక మడ్‌గార్డులు, షాక్ అబ్జార్బర్ వంటివి వేరు, వాటి దగ్గర చక్రం తన ప్రయాణమంతటా ఎంత దగ్గరికి వస్తుందో చూసి సందు విడవాలి. మీ రెండు వేళ్ల పద్ధతి మొదటి జాతికి మరీ ఎక్కువ, రెండో జాతికి కొన్నిచోట్ల చాలదు.

(ఈ విభజన సరైనదని నా అభిప్రాయం. ఎక్కడ చూసినా ఒకే కొలత అడిగేవారు అవసరం లేనిచోట మంచి రిమ్మును కాదంటారు, అవసరమైనచోట ప్రమాదకరమైన రిమ్మును ఒప్పుకుంటారు.)

మిస్త్రి: ఆ మాట నిజమే, కాలిపర్ దగ్గర నా పట్టు వదులుతాను. అయినా అక్కడ కూడా బ్యాలెన్సింగ్ కోసం రిమ్ము లోపల అంటించే సీసపు బిళ్లల మందాన్ని లెక్కలో వేసుకో, అది మరిచి కాలిపర్‌ను గీసుకుపోయిన బండ్లను బాగుచేశాను. ఇక నీ రెండో జాతి దగ్గర నీ బొమ్మలో లేనివి చాలా ఉన్నాయి. కీళ్లలోని రబ్బరు బుష్ నలుగుతుంది, బేరింగులో కాస్త ఆట ఉంటుంది, మలుపులో టైరు పక్కగోడ ఒరుగుతుంది. వెనక మడ్‌గార్డు ఫైబరుది కాబట్టి అదురుతుంది. గుర్తు ఒకటే అయినా ఒక కంపెనీ 205కు మరో కంపెనీ 205కు వెడల్పులో కొన్ని మి.మీ. తేడా వస్తుంది. అందువల్ల లెక్కలో రాసుకుంటుందని తేలిన చోటే కాదు, పది మి.మీ. మాత్రమే మిగులుతుందని తేలిన చోట కూడా నేను భయపడతాను.

ఇంజనీరు: భయపడవలసిందే, కాబట్టి కొలిచి చూద్దాం.

మిస్త్రి: కొలవడమంటే షాక్ అబ్జార్బర్ నుంచి స్ప్రింగును తీసేసి కొలవాలి. స్ప్రింగు ఉండగా జాకీ పెడితే ఇంత తేలికైన చట్రం స్టాండ్ల మీది నుంచి లేస్తుందే తప్ప చక్రం దాని పై హద్దుకు చేరదు. కింద కరీంనగర్ గ్రానైటు పలకలు సమంగా పరిచి, చట్రాన్ని నడిచే ఎత్తులో నిలిపి, యాంటీ రోల్ బార్ (రెండు వైపుల చక్రాలను కలిపి కారు ఒరగకుండా ఆపే కడ్డీ) లింకును విప్పేయాలి. తరువాత హబ్బు కింద జాకీ పెట్టి, అడుగున వేలాడే స్థితి నుంచి బంప్ స్టాపు (చక్రాన్ని పై హద్దులో ఆపే రబ్బరు ముద్ద) పూర్తిగా నలిగే దాకా పది మి.మీ. చొప్పున లేపుతూ, ఆగిన ప్రతిచోటా స్టీరింగును ఇటు చివర నుంచి అటు చివరకు తిప్పాలి. కన్ను చేరనిచోట బంకమట్టి ముద్దలు అంటిస్తే, తరువాత వాటి మందం కొలిచి మిగిలిన సందును తెలుసుకోవచ్చు. బ్రేకు గొట్టాన్ని మాత్రం చక్రం వేలాడుతూ పూర్తిగా తిరిగినప్పుడు విడిగా చూడు. అది ఎక్కువగా లాగబడేది అక్కడే.

ఇంజనీరు: ఒప్పుకుంటాను. అయితే అందుకోసం ముందే రిమ్ములు కొనవలసిన పని లేదు. 586 వ్యాసంతో, 219 వెడల్పుతో, 25 ఆఫ్‌సెట్‌తో ప్లైవుడ్ చక్రం చేసి హబ్బుకు బిగిస్తాను, మీరు చెప్పే 195కు ఇంకొకటి చేస్తాను. ఒకవేళ లోపల రెండు మూడు మి.మీ. తక్కువ పడితే హబ్బుకూ రిమ్ముకూ మధ్య సన్నని స్పేసర్ (బిళ్ల) వేస్తాను.

మిస్త్రి: స్పేసర్ అంటే నాకు నమ్మకం లేదు. దాని మందం మేరకు నట్టుకు అందే మర తగ్గుతుంది.

ఇంజనీరు: ఆ మర ఎంతో లెక్క ఉంది. 12 మి.మీ. స్టడ్డుకు (నట్టు బిగిసే మర కడ్డీకి) కనీసం 12 మి.మీ. మర పట్టాలి, మరల మధ్య దూరం 1.25 మి.మీ. అయితే నట్టు దాదాపు పది చుట్లు తిరగాలి. అది అందకపోతే పొడవు స్టడ్డులు వేయాలి. స్పేసర్ హబ్బు మధ్య గుండ్రానికి సరిగ్గా కూర్చోవాలి, నట్టు ముఖం రిమ్ము గుంటకు సరిపోవాలి, ఏటవాలు గుంటలో గుండ్రని నట్టు పనికిరాదు.

మిస్త్రి: అన్నీ సరిపోయినా అసలు నష్టం మిగిలే ఉంటుంది. ఆఫ్‌సెట్ పది తగ్గితే, టైరు నేలను తాకే మధ్యభాగం స్టీరింగు తిరిగే గీత నుంచి పది మి.మీ. బయటికి పోతుంది. ఒక వైపు చక్రం గుంటలో పడినా, ఒక వైపు బ్రేకు ముందు పట్టినా స్టీరింగు చేతిని లాగుతుంది, బేరింగు మీద భారమూ పెరుగుతుంది. గ్రానైటు లారీలు తిరిగే మన రోడ్ల మీద ఆ లాగుడు ఎంత ఉంటుందో ఆలోచించు. పైగా 600 కిలోల కారు కింద వెడల్పాటి టైరు వానలో నీటిని చీల్చలేదు, దాని మీద తేలుతుంది.

ఇంజనీరు: ఈ కారు రోడ్డెక్కాలంటే ముందు పరీక్షలు దాటి రిజిస్ట్రేషన్ పొందాలి, అప్పటి దాకా ఇది ప్రైవేటు మైదానంలోనే తిరుగుతుంది. అక్కడ పొడి నేల మీద 205 పట్టు నాకు కావాలి. కానీ స్టీరింగు లాగుడు గురించి మీరన్నదానికి నా దగ్గర జవాబు లేదు. 7 అంగుళాల రిమ్ములోనే 35 ఆఫ్‌సెట్ దొరికితే ఆ లాగుడు ఉండదు గానీ, లోపల తొమ్మిది మి.మీ. పోతుంది.

మిస్త్రి: ఆ తొమ్మిది మి.మీ. నీ చట్రంలో ఉన్నాయో లేవో ప్లైవుడ్ చక్రం చెబుతుంది. ముందు ఇరుసుకు 195, వెనక ఇరుసుకు 205 వేసుకుంటానంటే నేను ఇప్పుడే ఒప్పుకుంటాను, ఎందుకంటే వెనక చక్రం స్టీరింగుతో తిరగదు, అక్కడ మనం చూడవలసింది పైకి కిందికి పోయే ప్రయాణం ఒక్కటే.

ఇంజనీరు: ముందు తక్కువ, వెనక ఎక్కువ పెడితే మలుపులో ముందు చక్రాలు జారతాయి, కాకా. కాబట్టి నాలుగూ 205 అన్న కోరికను ఇప్పుడే వదులుకోను. స్ప్రింగులు తీసి, మూడు ప్లైవుడ్ చక్రాలతో కొలుద్దాం. మూడోది 35 ఆఫ్‌సెట్‌తో చేస్తాను. ఆ కొలతలు వచ్చిన తరువాతే రిమ్ములకు డబ్బు కడతాను, మడ్‌గార్డు అచ్చు కూడా అప్పుడే మొదలుపెడతాను.