గోల్కొండలోకి కుక్కలకు ప్రవేశం లేదు

కుక్కను వెంటబెట్టుకుని గోల్కొండ చూద్దామనుకునేవారికి ఓ మనవి. ఆ ఆలోచన మానుకోండి. 1959 నాటి నిబంధనల ప్రకారం కేంద్ర రక్షణలో ఉన్న చారిత్రక కట్టడాల్లోకి జంతువులను తీసుకురాకూడదు. టికెట్ కొనుక్కుని లోపలికొచ్చి, తాళంచెవితో గోడమీద ప్రేయసి పేరు చెక్కే జీవిని మాత్రం అందులో జంతువుగా లెక్కవేయలేదు. ఆ చెక్కుడుకు రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి లెండి. గోడలు చూస్తే ఎవరూ భయపడినట్టు లేదు.

బ్రిటన్‌లో చాలా పాడుబడ్డ కోటల్లోకి బెల్టు కట్టిన కుక్కను రానిస్తారు. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లు ఆ ఫొటోలు వాట్సాప్‌లో పెట్టి మనకు కడుపుమంట రేపుతుంటారు.

ఇక చరిత్రకొద్దాం. 1687లో ఔరంగజేబు సైన్యం గోల్కొండను నెలల తరబడి చుట్టుముట్టి కూర్చుంది. ఓ రాత్రి మొగలు సైనికులు చడీచప్పుడు లేకుండా గోడెక్కబోతే ఓ ఊరకుక్క పసిగట్టి మొరిగింది. కావలివాళ్లు లేచారు, ఎక్కినవాళ్లు పడ్డారు. తానీషా ఆ కుక్క మెడలో బంగారు గొలుసు వేయించి, బిరుదు కూడా ఇచ్చాడని చరిత్రకారులు రాశారు. మరి కోట ఎలా పోయింది? అదే ఏడాది సెప్టెంబరులో అబ్దుల్లా ఖాన్ పనీ అనే సర్దారు లంచం పుచ్చుకుని లోపలి నుంచి తలుపు తీశాడు. ఏనుగులను ఆపాలని తలుపులకు ఇనుప మేకులు కొట్టించినవాళ్లకు, లోపలివాడే గొళ్లెం తీస్తాడని తోచలేదు పాపం.

కాపాడింది కుక్క, అమ్మింది మనిషి. 272 ఏళ్ల తర్వాత, 1959 నిబంధనల్లో, ఇద్దరి సర్వీసు రికార్డూ ఉండగానే కుక్కను గేటు బయట ఆపి మనిషికి టికెట్ చింపారు.

ద్వారం దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన కొండ కొసనున్న బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. శత్రువొస్తే పైవాళ్లను హెచ్చరించే ఏర్పాటది. సెలవు రోజున అక్కడ నిలబడి చూడండి. ఒకాయన చప్పట్లు కొట్టి, పైనున్నాయనకు ఫోన్ చేసి, "వినబడిందా బామ్మర్దీ?" అంటాడు. "సరిగ్గా వినలేదు, ఇంకోసారి కొట్టు బావా!" వెనక ఇరవై మంది లైన్లో ఉంటారు. ఈ లెక్కన ఔరంగజేబు మళ్లీ వచ్చినా పైన సెల్ఫీలు ఆగవు.

కుక్క గోడ దగ్గర కాలెత్తదా అంటారా? ఎత్తుతుంది. ఓసారి కోట మూలమలుపుల్లోకి వెళ్లి, అక్కడి వాసన ఏ జాతిదో మీరే తేల్చండి.

అయితే నిబంధనలో చిన్న సందు ఉంది. కట్టడం నిర్వహణ కోసమైతే జంతువును తేవచ్చు. కాబట్టి టికెట్ లేకుండా లోపల తిరిగే వీధికుక్కలనే వాచ్‌మన్‌లుగా వేసుకోవాలని నా ప్రతిపాదన. బంగారు గొలుసుకు ఆడిట్ అభ్యంతరం వస్తుంది కనుక అవుట్‌సోర్సింగ్ చాలు. ఆరు నెలల జీతం బాకీ పడ్డా ధర్నాకు దిగవు. ఒక్కటే టెన్షన్. బిస్కెట్ ప్యాకెట్ చూపిస్తే ఇవీ అబ్దుల్లా ఖాన్ బాట పడతాయేమో! అందుకే బిస్కెట్లు డిపార్ట్‌మెంటే సరఫరా చేయాలని ఆర్డరులో ముందే రాయించుకోవాలి.