వీఆర్ హెడ్‌సెట్ గారి దివ్య సముఖానికి

లేని లోకాన్ని కళ్లముందు నిలిపే మహారాజశ్రీ హెడ్‌సెట్ గారికి,

బెంగళూరు కోరమంగళలో డిజైన్ స్టూడియో ఉద్యోగి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మీ కుశలం అంటే ఎనభై శాతం చార్జింగు. నా కుశలం అంటే మెడనొప్పి.

తప్పు మీ ఒక్కరిదే అనను. 1968లో అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త ఐవాన్ సదర్లాండ్ మీ ముత్తాతను తయారుచేస్తే, ఆ బరువు మనిషి తల మోయలేక పైకప్పు నుంచి వేలాడదీయాల్సి వచ్చింది. మీరు అరకిలోకి చిక్కారు, సంతోషం. అప్పటి పైకప్పు ఉద్యోగం ఇప్పుడు నా మెడకి ఇచ్చారు.

విషయానికి వస్తాను. హస్తకళని డిజిటల్ డిజైన్‌లోకి తెస్తామని మా వాళ్లు క్లయింటుకి మాటిచ్చారు. అసలైన చెయ్యి ఒకటి కావాలన్నారు. ఏటికొప్పాకలో నలభై ఏళ్లుగా లక్కబొమ్మలు చేస్తున్న పెదనాన్న ఉన్నాడని నోరుజారాను. (బొమ్మల ఊరు చన్నపట్న ఇక్కడికి అరవై కిలోమీటర్లే. అక్కడా ఇదే అంకుడు కర్ర, ఇదే లక్క. కానీ కూలి అడగకుండా వచ్చేది చుట్టమే కదా.)

పెదనాన్న ఎలమంచిలిలో రైలెక్కి వచ్చాడు. మిమ్మల్ని తలకి తగిలించి, చేతుల్లో కంట్రోలర్లు పెట్టి, బొంగరం చెయ్యమన్నాం. గాల్లో కర్ర తిరిగింది. ఉలి ఆనించాడు. పొట్టు రాలింది. ఆ గ్రాఫిక్స్‌కి మిమ్మల్ని మెచ్చుకోవాల్సిందే. అలవాటుగా "ఉఫ్" అని ఊదాడు. పొట్టు కదల్లేదు. ఇంకాస్త గట్టిగా ఊదాడు. మా మేనేజరు కాఫీ పక్కకి జరుపుకున్నాడు.

కర్రకి ఉలి తగిలితే మీరు "జివ్వు" మంటారు. ముడి తగిలినా జివ్వే, నున్నటి చోటా జివ్వే. మూడోసారికి పెదనాన్న జేబు తడుముకుని, "ఒరే, ఫోనొస్తందేమో చూడు" అన్నాడు.

ఇక రంగు. తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది. ఎంత నొక్కాలో చేతికే తెలియాలి. తర్వాత మొగలాకు పట్టి రుద్దితే మెరుపొస్తుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల నుంచి రంగు తీసే ఊరివాడి ముందు మీరు కోటీ అరవై ఏడు లక్షల రంగులు పరిచారు. వేలు పెట్టగానే అంటుకుంది. వేడి లేదు, వాసన లేదు, మొగలాకు అసలే లేదు. "ఆరిందా?" అని అడిగాడు. ఏం చెప్పమంటారు?

ఒక్క చోట మాత్రం మీరే గెలిచారు. ఉలి లోతుగా దిగి బొంగరం మెడ తెగిపోతే, మా కుర్రాడు అన్‌డూ నొక్కాడు. కర్ర మళ్లీ అతుక్కుంది. పెదనాన్న చాలాసేపు మాట్లాడలేదు. "ఇది మా ఊరికొచ్చుంటే కొండల మీద అంకుడు చెట్లు మిగిలేవిరా" అన్నాడు. అంకుడు కర్ర దొరక్క వాళ్లు పడే తిప్పలు తెలిసినవాణ్ణి కాబట్టి, నేనూ నవ్వలేదు.

"నలభై ఏళ్ల నైపుణ్యం, పదకొండు నిమిషాల రికార్డింగు" అని ఆ సాయంత్రమే స్లైడు తయారైంది. కింద "ఏటికొప్పాక బొమ్మలకి 2017లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు" అని కూడా వేశారు. ఆ గుర్తింపు ఫలానా ఊళ్లో పుట్టిన వస్తువుకి ఇస్తారు. మరి ఈ ఫైలు పుట్టిన ఊరేది? కోరమంగళ ఐదో బ్లాకా, సర్వరున్న ఊరా? మీటింగులో అడిగాను. ఆ ప్రశ్న వచ్చే వారానికి వాయిదా వేశారు. పెదనాన్నకి కంపెనీ పేరున్న మగ్గొకటి ఇచ్చి పంపారు.

వెళ్లేముందు ఆయన కుడిచేతి కంట్రోలరుని బొటనవేలితో తడిమి చూసి, నాకిచ్చాడు. "దిగుతున్నట్టే లేదురా. మొద్దుబారిపోయింది. సానరాయి ఉంటే నూరి పెట్టు."

మర్నాడే సానరాయికి దరఖాస్తు పెట్టాను. హార్డ్‌వేర్ కింద రాయాలా, సాఫ్ట్‌వేర్ కింద రాయాలా అని అకౌంట్స్ వాళ్లు అడుగుతున్నారు. తమరే సెలవివ్వాలి.

ఇట్లు,
తమ బరువు మోస్తున్న మెడ