ఆకు రాల్చే చెట్టు అడవికి బరువు కాదు

ఎండలు ముదిరేసరికి నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "అసలైన వర్షారణ్యాల్లో ఆకు రాల్చే చెట్లుండవు. మన వెలిగొండల్లో ఉన్నవి నాసిరకం చెట్లు. వేసవిలో ఏ పనీ చేయవు, ఆక్సిజన్ ఇవ్వవు, రాలిన ఆకుతో అడవి తగలబడుతుంది. వాటిని కొట్టేసి ఏడాదంతా పచ్చగా ఉండే జామాయిల్ లాంటివి వేయాలి" అని దాని సారాంశం. చదువుకున్నవాళ్లు కూడా ఫార్వర్డ్ చేస్తున్నారు కాబట్టి ఒక్కో మాటకూ జవాబు చెప్పాల్సిందే.

"వర్షారణ్యాల్లో ఆకు రాల్చే చెట్లుండవు."

ఉంటాయి. అమెజాన్ అడవుల్లో మిగతా చెట్లన్నిటినీ దాటి 60 మీటర్ల దాకా ఎదిగే తెల్లబూరుగు ఆకు రాల్చేదే. ఆకు లేని రోజుల్లోనే పూస్తుంది. రాత్రిపూట గబ్బిలాలు తేనె కోసం వచ్చి పుప్పొడి మోస్తాయి. మన దేశంలోనే అరుణాచల్ ప్రదేశ్‌లోని పక్కే అడవుల్లో పెద్ద హార్న్‌బిల్ పక్షులు ఎక్కువగా గూడు పెట్టుకునేది టెట్రామెలిస్ చెట్టు తొర్రల్లో. అదీ ఆకు రాల్చేదే. ఆ పక్షులు పండ్లు తిని గింజల్ని అడవంతా చల్లుతాయి. వాటిలో నిత్యం పచ్చగా ఉండే చెట్ల గింజలూ ఉంటాయి. పైకొమ్మలు బోడిగా ఉన్న ఆ కొద్ది వారాల్లోనే కింద నీడలో మగ్గే మొక్కలకు కాస్త ఎండ దొరుకుతుంది.

"వేసవిలో ఏ పనీ చేయవు."

అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసే మాట ఇదే. నెల్లూరు జిల్లాలో కురిసే వానలో సగానికి పైగా అక్టోబర్, డిసెంబర్ మధ్యే పడుతుంది. ఆ తర్వాత నెలల తరబడి కొండనేలకు కొత్తగా చేరే నీళ్లు చాలా తక్కువ. ఆకు ఉన్నంతసేపూ చెట్టు ఒంట్లోని నీరు ఆవిరైపోతూనే ఉంటుంది. అందుకే చెట్టు ఆకును వదిలేస్తుంది, అదీ ఊరికే వదలదు. ముందు ఆకులోని నత్రజని, భాస్వరంలో దాదాపు సగం కొమ్మలోకి లాక్కుంటుంది. తర్వాత తొడిమ మొదట్లో ఒక పలచటి పొర కట్టుకుని తెంపేస్తుంది. విరిగి ఎండిన కొమ్మను చూడండి, దాని ఆకులు చాలాకాలం అంటుకునే ఉంటాయి. ఆకు రాల్చాలంటే చెట్టు బతికుండాలి.

ఫాల్గుణ మాసంలో పెంచలకోన వైపు వెళ్తే మోదుగకు ఆకు కనపడదు, కొమ్మనిండా పూలే. నల్లటి మఖమల్ తొడిమలోంచి నారింజ రంగు రేకు వంపు తిరిగి ఉంటుంది. తేనెపిట్టలు, గోరింకలు, ఉడుతలు పొద్దున్నే అక్కడికి చేరతాయి. బూరుగు కింద రాలిన కండగల పూలను దుప్పులు ఏరుకు తింటాయి. గడ్డి ఎండిన రోజుల్లో వాటికది పెద్ద ఆసరా. మార్కాపురం వైపు నల్లమలలో చెంచులు సేకరించే తపసి జిగురు కూడా ఆకు రాల్చే చెట్టుదే.

"ఆక్సిజన్ ఇవ్వవు."

గాలిలో ఆక్సిజన్ 21 శాతం ఉంది. రెండు నెలలు ఆకు లేకపోతే అది తగ్గిపోదు. ఎదిగిన అడవి విడుదల చేసే ఆక్సిజన్‌లో దాదాపు అంతా ఆ అడవి ఊపిరికీ, ఆకు కుళ్లడానికీ ఖర్చయిపోతుంది. అమెజాన్‌ సంగతీ అంతే.

"రాలిన ఆకుతో అడవి తగలబడుతుంది."

ఎండుటాకు మండుతుంది, నిజమే. అయితే దానంతటదే అంటుకోదు. మన అడవుల్లో మంటలు చాలావరకు మనిషి చేతిలోంచే వస్తాయి: ఆర్పకుండా పారేసిన బీడీ, కొత్త గడ్డి కోసం పెట్టిన నిప్పు. అడవిలో ఆ ఆకుల పొరను చేత్తో తీసి చూడండి. పైన గలగలలాడే ఆకు, దాని కింద చెదలు కట్టిన మట్టి పొర, ఇంకా కింద నల్లబడిన పొడి, అందులో తెల్లటి బూజు దారాలు. మొదటి వాన ఆ పొర మీద పడి నేలలోకి ఇంకుతుంది. అది లేకపోతే కొండవాలు మట్టి వాగులోకి కొట్టుకుపోతుంది.

"జామాయిల్ లాంటివి వేయాలి."

జామాయిల్ కూడా ఆకు రాలుస్తుంది, కాకపోతే ఏడాది పొడవునా కొద్దికొద్దిగా. ఆ ఆకులో నూనె ఉంటుంది కాబట్టి అంటుకుంటే మంట ఇంకా ఉధృతంగా ఉంటుంది. పైగా మిగతా చెట్లు నీళ్లు పొదుపు చేసే నెలల్లోనూ అది తోడుకుంటూనే ఉంటుంది. పొలంలో రైతు కర్ర కోసం వేసుకోవడం వేరే సంగతి. అడవిని కొట్టి వేయమనడం మాత్రం అన్యాయం. దక్షిణ తూర్పు కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనం కూడా ఆకు రాల్చే చెట్టే. ఈ సలహా పాటిస్తే దాన్నీ కొట్టేయాలి. రిజర్వు అడవిలో చెట్టు నరికితే 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద కేసవుతుంది. ఈ మెసేజ్‌ను గ్రూపుల్లో పెట్టేవాళ్లు ఆ సంగతి కూడా తెలుసుకోవాలి.