32 చదరపు అడుగుల న్యాయం

సొంత చేతులతో బల్ల చేసుకునే మనిషి ఒకడున్నాడన్న సంగతి లామినేట్ (ప్లైవుడ్ మీద అతికించే పైపొర షీటు) వ్యాపారానికి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. వాళ్ల లెక్కలో మనుషులు రెండే రకాలు: ఇల్లంతా కప్‌బోర్డులు కొట్టించుకునేవాళ్లు, కొట్టే కాంట్రాక్టర్లు. పిల్లాడు రాసుకోవడానికి ఓ చిన్న బల్ల చేద్దామనుకునే మూడో రకం వాడు షాపు గుమ్మం ఎక్కితే, అతన్ని చూసే చూపులో కోపం ఉండదు. జాలి ఉంటుంది.

"ఎన్ని షీట్లు సార్?"

"షీటు కాదండీ, ముక్క చాలు. రెండడుగులు బై మూడు."

"ముక్కలు అమ్మం సార్."

లామినేట్ ఆర్థికశాస్త్రం మొత్తం ఈ సంభాషణలో ఉంది. షీటంటే 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. వెరసి 32 చదరపు అడుగులు. మన బల్ల పైభాగానికి కావలసింది 6. మిగతా 26 ఏం చేసుకోవాలని అడగడం మర్యాద కాదు. అడుగు లెక్కన చూస్తే రేటు చవకే, ఎవరూ కాదనరు. ఆ చవకను ఒక్కసారే 32 అడుగులు కొనుక్కోవాలి, అంతే.

ఇంతకీ కొంటున్నది కాగితం. గోధుమరంగు క్రాఫ్ట్ కాగితాలకు ఫినాలిక్ రెజిన్ అనే జిగురు పట్టించి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన బొమ్మ అచ్చేసిన కాగితానికి మెలమైన్ రెజిన్ పట్టించి, విపరీతమైన వేడి, ఒత్తిడి పెట్టి నొక్కితే 1 మిల్లీమీటరు మందం షీటు తయారవుతుంది. 1913లో అమెరికాలో ఇద్దరు ఇంజినీర్లు ఫార్మైకా కంపెనీ పెట్టింది కరెంటు పరికరాల్లో అభ్రకం బదులు వాడే సరుకు కోసం. ఎవరి బల్లా అందంగా ఉండాలని వాళ్లు కలగనలేదు. 1927లో అదే కంపెనీకి వచ్చిన ఒక పేటెంటు పుణ్యమా అని, చెక్క చారలు అచ్చేసిన కాగితాన్ని పైపొరగా వెయ్యడం కుదిరింది. అప్పట్నుంచీ మానవజాతి చెక్క తెచ్చుకుని, దాని మీద చెక్క ఫోటో అతికించుకుని, "అచ్చం చెక్కలాగే ఉందే!" అని మురిసిపోతోంది.

ఆ ఫోటో ఎంచుకోవడానికి కేటలాగు ఉంటుంది. పెళ్లి ఆల్బమంత బరువు. లోపల రెండు వేళ్ల వెడల్పు ముక్కలు వరసగా అతికించి ఉంటాయి. వాల్‌నట్, లేత వాల్‌నట్, పొగ పట్టిన వాల్‌నట్, ఏమీ తోచనప్పుడు పెట్టిన పేరు గల వాల్‌నట్. ఇంటిల్లిపాదీ కిటికీ దగ్గరకి పట్టుకెళ్లి, నీడలోకి పట్టుకెళ్లి, చివరికి ఒక నంబరు మీద ఏకాభిప్రాయానికి వస్తారు. అప్పుడు కౌంటరు వెనక నుంచి వినబడుతుంది: "అది ఆగిపోయింది సార్."

అసలు చవక మొదలయ్యేది ఇక్కడే, కాకపోతే ఎవరూ దండోరా వెయ్యరు. ఆగిపోయిన డిజైన్ల షీట్లు గోదాము మూల దుమ్ము పట్టి ఉంటాయి. కాస్త మొహమాటం వదిలి అడిగితే తగ్గించి ఇస్తారు. మూల విరిగినవి ఇంకా తగ్గుతాయి. 6 అడుగులే కావలసినవాడికి మూల ఉంటేనేం, లేకపోతేనేం? కిచెన్ ప్లాట్‌ఫారానికి లామినేట్ వేసినచోట సింకు కోసం కోసి తీసేసిన ముక్క, కాంట్రాక్టరు చెత్తలో పడేసే పట్టీలు, ఇవీ మంచి సరుకే. తిరకాసల్లా ఒకటే: చారలు షీటు పొడవునా నడుస్తాయి. మనకు దొరికిన ముక్కలో అవి అడ్డంగా తిరిగి ఉంటాయి. అందుకే నా సిఫారసు, ముందు ముక్క దొరకాలి, ఆ తర్వాత దాని కొలతకు బల్ల పుట్టాలి. డ్రాయింగు గీసుకుని షాపుకెళ్లేవాడికి మోక్షం లేదు.

మందం తక్కువ షీటు చవక కదా అని కొందరు తెలివిగా అటు వెళ్తారు. ప్లైవుడ్ మీద ఇసుక రేణువు ఉన్నా అది పైకి తేల్చి చూపిస్తుంది, అందులోనూ నిగనిగలాడే గ్లాసీ రకం అయితే మరీ. దాన్ని తలుపు లోపలివైపు వెయ్యడానికి తయారుచేశారు, నలుగురి ముందు పెట్టడానికి కాదు.

ఇక 32 అడుగుల తీర్పుకు తలవంచి నిండు షీటే తెచ్చుకున్నవాడి సంగతి. చుట్టగా చుట్టి తాడు కట్టిస్తారు. ఇంటికొచ్చి తాడు కోయగానే అది ఒక్క విసురున విచ్చుకుని ఫ్యాను నుంచి పిల్లి దాకా అందరినీ పలకరిస్తుంది. అందరూ తేరుకున్నాక లెక్క మళ్లీ వెయ్యాలి. పైన ఒక్కవైపే అతికిస్తే బోర్డు వంపు తిరుగుతుంది కాబట్టి అడుగున కూడా లామినేట్ వెయ్యాలన్నది శాస్త్రం. అంటే ఎవరూ చూడని చోటికి ఇంకో 6. అంచులకు అంగుళం పట్టీలు కోస్తే దాదాపు ఒకటి. ఇంకా 19 మిగిలే ఉన్నాయి. బీరువా వెనక నిలబెట్టండి. అందరూ అక్కడే నిలబెడతారు. వచ్చే జనాభా లెక్కల్లో "మీ బీరువా వెనక ఎన్ని అడుగులు?" అని ఒక గడి పెడితే మధ్యతరగతి అసలు ఆస్తి బయటపడుతుంది.

కాని వెనక ఉన్న షీటు ఊరుకోదు. గోచీ కాపాడుకోవడానికి పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవుని తెచ్చిన సన్యాసి దారిలోనే, మిగిలిన షీటు కోసం ఒక షెల్ఫ్, షెల్ఫ్ కోసం కొత్త ప్లైవుడ్, ప్లైవుడ్ కోసం కొత్త రంపం వస్తాయి. వీటన్నిటి కంటే ముందు కాంటాక్ట్ గమ్ వస్తుంది. బోర్డుకీ షీటుకీ రెండిటికీ పలచగా పూసి, వేలికి అంటనంత వరకు ఆరనిచ్చి అప్పుడు అతికించాలి. తాకిందో, అంతే. సవరణ లేదు, అప్పీలు లేదు. పావంగుళం పక్కకు జరిగిందంటే జరిగినట్టే.

అదీ పెద్ద డబ్బాలోనే దొరుకుతుంది. మూత తీశాక ఎక్కువ కాలం నిలవదు, గడ్డకట్టి కూర్చుంటుంది. షెల్ఫ్ అయ్యాక కూడా సగం డబ్బా మిగిలింది. పారబోయడానికి మనసొప్పదు కాబట్టి ఇంకో షీటు తేవాలని ఇంట్లో తీర్మానం జరిగింది. ఈసారి ముదురు రంగట.