ఐదు లక్షల్లో ఒకటైనా అలా ఉండకపోతుందా?

స్కేలు మోడల్ కిట్లు, అంటే అసలు బండ్లకు చిన్న నమూనాలు, కట్టేవాళ్లలో ఏళ్ల తరబడి చేతులు మారుతున్న ఒక మాట ఉంది. ట్యాంకు కడితే చరిత్ర చూసుకోవాలి గానీ ట్రక్కుకు అంత అవసరం లేదట. కారణాలు నాలుగు చెబుతారు. రెండో ప్రపంచ యుద్ధకాలపు ట్రక్కులు లక్షల్లో ఒకే అచ్చులో తయారయ్యాయి కాబట్టి అన్నీ ఒకటే. సైనిక ట్రక్కు అంటే ఆకుపచ్చ, అంతకుమించి రంగు గొడవ లేదు. అనుమానం వస్తే ప్రదర్శనలో నిలబెట్టిన అసలు బండి ఫొటో చూసుకుంటే సరి. ఇవేవీ మింగుడుపడని వాడి మీదికి చివరి అస్త్రం ఒకటి: "ఐదు లక్షల బండ్లలో ఒకటైనా ఇలా ఉండకపోతుందా? లేదని నిరూపించు చూద్దాం."

వినడానికి హాయిగా ఉంటుంది, పని కూడా తగ్గుతుంది. ఇంతగా చలామణీ కావడానికి అదే కారణం. ఎక్కువ మంది బల్ల మీదికి చేరే బండినే తీసుకుని చూద్దాం. అమెరికా వాళ్ల జీఎంసీ రెండున్నర టన్నుల ట్రక్కు, మూడు ఇరుసులకూ ఇంజను శక్తి అందేది. 1941 నుంచి 1945 దాకా ఐదు లక్షలకు పైగా తయారైంది.

ఒకే అచ్చు అన్న మాటకు ఆ బండి పేరే అడ్డు చెబుతుంది. సీసీకేడబ్ల్యూ అనే ఆ నాలుగు అక్షరాల్లో మొదటి సీ అంటే 1941 నాటి డిజైను. రెండో సీ ఇంజను ముందుకు ఉన్న మామూలు క్యాబ్‌కు, కే ముందు ఇరుసుకూ శక్తి అందుతుందనడానికి, డబ్ల్యూ వెనుక జంట ఇరుసులకు గుర్తు. నీటిలోనూ నేల మీదా నడిచే దాని తోబుట్టువు డీయూకేడబ్ల్యూ పేరు డీతో మొదలవడానికి కారణం అది 1942 డిజైను కావడమే. పుట్టిన ఏడాదిని పేరులోనే మోస్తున్న బండికి కాలంతో పని లేదనడం విడ్డూరం.

పేరు పక్కన అంకె కూడా ఉంటుంది. 353 అంటే పొడవు బండి, చక్రాల మధ్య దూరం 164 అంగుళాలు. 352 అంటే పొట్టిది, 145 అంగుళాలు. 1/35 స్కేలుకు, అంటే అసలులో ముప్పై ఐదో వంతుకు దించితే పొడవుది దాదాపు 119 మిల్లీమీటర్లు, పొట్టిది 105. తేడా 14 మిల్లీమీటర్లు, అంటే మీ బొటనవేలి గోరు వెడల్పు. అరచేతిలో పట్టే బొమ్మ మీద అది ఎంత కొట్టొచ్చినట్టు కనిపిస్తుందో రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు చెప్పనక్కరలేదు. పైగా పొట్టి బండిలో స్టెప్నీ క్యాబ్ వెనుక నిలబడి ఉంటుంది, పొడవు బండిలో తొట్టి కింద పక్కకు వేలాడుతుంది. పొడవు కిట్‌కు ఫిరంగిని తగిలించి "ఏదైతేనేం" అనుకునే ముందు ఫిరంగి దళాల వాళ్లు పొట్టిదాన్ని ఎందుకు కోరుకున్నారో ఆలోచించాలి. వెనుక ఫిరంగి ఉన్నప్పుడు ఇరుకు దారిలో మలుపు తిరగడానికి ఆ పందొమ్మిది అంగుళాలు చిన్న సంగతి కాదు.

ఇరుసుల సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. బండిని వెల్లకిలా తిప్పి చూడండి. ఒక రకంలో ఇరుసు మధ్యనున్న గేరు పెట్టె రెండు చిప్పలను బోల్టులతో బిగించినట్టు నిలువునా చీలి కనిపిస్తుంది. అది టిమ్‌కెన్ వాళ్ల ఇరుసు. రెండో రకాన్ని వెనుక నుంచి చూస్తే గుండ్రంగా, తంబుర బుర్రలా ఉంటుంది. దాన్ని బాంజో ఇరుసు అంటారు. రెండూ యుద్ధం పొడుగునా వాడారు, అందుకని ఏది వేసినా తప్పు కాదు అనేవాళ్లున్నారు. ముందు ఒక రకం, వెనుక ఇంకో రకం వేసిన మోడల్ నేను చూశాను. కట్టినాయన అది "ఫ్యాక్టరీ వైవిధ్యం" అన్నాడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే బండికి అన్ని ఇరుసులూ ఒకే రకానివి. వైవిధ్యం ఆయన పెట్టెలోది.

క్యాబ్ దగ్గర మాత్రం తారీఖు ముఖం మీదే రాసి ఉంటుంది. మొదట వచ్చినవి ఇనుప కప్పు, ఇనుప తలుపులు, గాజు కిటికీలు ఉన్న మూత క్యాబ్‌లు. యుద్ధం నడిమధ్యలో వాటి స్థానంలో కాన్వాస్ కప్పు, కాన్వాస్ తలుపులతో తెరిచిన క్యాబ్ వచ్చింది. ఉక్కు మిగిలింది, ఓడల్లో ఎక్కించేటప్పుడు ఎత్తు తగ్గింది, పైన వలయం బిగించి మెషిన్‌గన్ పెట్టడం తేలికైంది. సరుకు తొట్టి కథ దీనికి తోడు. ముందు ఉక్కుతో చేశారు, ఉక్కు ఆదా చేయడానికి చెక్కకు మారారు, చెక్క నిలవలేదని ఉక్కు చట్రానికి చెక్క పలకలు కలిపారు, అదీ కుదరక మళ్లీ ఉక్కుకే వచ్చారు. అంటే ఒకే అచ్చు కాదు సరికదా, నాలుగేళ్లలో ఆ బండి పదే పదే బట్టలు మార్చుకుంది.

ఇక ఆకుపచ్చ. అమెరికా బండ్ల వరకు నూటికి తొంభై పాళ్లు ఒప్పుకుంటాను. మెరుపు లేని ఆలివ్ డ్రాబ్ అనే మసక ఆకుపచ్చ ఒక్కటే ప్రధానం. ఎండకు వెలిసి, దుమ్ము కప్పుకుని ఏ ఛాయలో కనిపించిందన్న వాదన నాకు అంతగా రుచించదు. రంగు సీసాల నంబర్ల మీద కొట్లాడుకునేవాళ్లను కొట్లాడుకోనిద్దాం. కానీ "సైనిక ట్రక్కు అంటే ఆకుపచ్చ" అన్నది బ్రిటిష్ బండ్ల దగ్గరికి రాగానే కూలిపోతుంది. ఆకుపచ్చకు కావలసిన క్రోమియం ఆక్సైడ్‌కు కరువొచ్చి బ్రిటిష్ సైన్యం యుద్ధం మధ్యలో తన బండ్లకు గోధుమ రంగు వేసింది. బెడ్‌ఫర్డ్ ట్రక్కుల పైభాగాన నల్లటి గుండ్రాలు కలిపి దిద్దేవారు, సైనికులు వాటిని మిక్కీ మౌస్ చెవులనేవారు. బ్రిటిష్ వాళ్లు ఆలివ్ వైపు మళ్లింది 1944లో. 1943 నాటి బెడ్‌ఫర్డ్‌ను ఆకుపచ్చగా అలంకరించి ఇటలీలో దించితే దాన్ని చూసి ఆనాటి సార్జెంటు ముందుగా అడిగేది "ఇది ఎవరిది?" అని.

జర్మన్ బండ్ల రంగు చరిత్ర ఇంకా పాఠం చెబుతుంది. 1937 నుంచి 1940 నడిమి దాకా వాళ్ల నిబంధన ప్రకారం బండి మీద మూడింట రెండు వంతులు ముదురు బూడిద, ఒక వంతు ముదురు గోధుమ. 1940 జూలై ఆఖరున బూడిద ఒక్కటే చాలన్నారు, 1943 ఫిబ్రవరిలో ముదురు పసుపుకు మారారు. అయితే నలుపు తెలుపు ఫొటోల్లో ఆ ముదురు బూడిద, ముదురు గోధుమ దాదాపు ఒకటిగానే పడతాయి. దాంతో దశాబ్దాల తరబడి కిట్ల సూచనల కాగితాలు పోలెండ్, ఫ్రాన్స్ దండయాత్రల నాటి జర్మన్ ట్రక్కు ఓపెల్ బ్లిట్జ్‌కు నిండుగా బూడిద పూయించాయి. మనమూ పూశాం. ఫొటోలో కనిపించనిది బండి మీద లేనట్టు కాదని ఆ గోధుమ రంగు ఆలస్యంగా నేర్పింది.

"అసలు బండినే చూసుకో" అన్న సలహా విన్నప్పుడల్లా ఏ బండిని అని అడగాలనిపిస్తుంది. యుద్ధం తర్వాత వేల సంఖ్యలో జీఎంసీలు ఫ్రెంచి సైన్యానికి మిగిలాయి. ఇండోచైనాలో తిరిగాయి, వర్క్‌షాపుల్లో విప్పి బిగించుకున్నాయి, దశాబ్దాల పాటు కొలువు చేశాయి. ఈనాడు నార్మండీ వార్షికోత్సవాల్లో మెరిసే బండ్లలో ఆ దారిన వచ్చినవి చాలా ఉన్నాయి. రోడ్డెక్కాలంటే చట్టం ప్రకారం ఇండికేటర్లు, అద్దాలు, దొరికిన టైర్లు. యజమాని ప్రేమగా కొట్టించిన నిగనిగలాడే పెయింటు. పాపం, ఆయన తప్పేమీ లేదు, ఆయన బండి నడవాలి. దాని ఫొటో చూసి 1944 నాటి మోడల్‌కు ఇండికేటర్ దీపం అతికించుకునేవాడిది తప్పు. చాసిస్ కొలతలకు, బోల్టు తల ఎటుందో చూడటానికి ఆ బండ్లు బంగారం. తొడిగిన సరంజామాకు, రంగుకు కాదు.

చివరి అస్త్రం దగ్గరికి వద్దాం. ఐదు లక్షల్లో ఒకటైనా ఉండకపోతుందా?

కొన్ని విషయాల్లో ఉండే ఉంటుంది, నిజమే. మరమ్మతు డిపోలు దొరికిన భాగాలతో బండిని నిలబెట్టేవి. ఒక బండి తొట్టి ఇంకో బండికి చేరేది. కానీ కాలం ఒకవైపే నడుస్తుంది. పాత బండి కొత్త ఏడాదిలో తిరగవచ్చు, కొత్త బండి పాత ఏడాదిలో తిరగలేదు. 1944లో మూత క్యాబ్ కనిపిస్తే వింత లేదు. అమెరికా బండ్ల గుర్తయిన తెల్ల నక్షత్రం చుట్టూ వలయం గీయడం ఖాయమైంది 1943లో సిసిలీ దండయాత్ర సమయంలో, దూరం నుంచి నక్షత్రం జర్మన్ శిలువలా కనిపిస్తోందని. ఆ వలయాన్ని 1942 నవంబరులో ఉత్తర ఆఫ్రికాలో దిగే ట్రక్కుకు అతికిస్తే, ఐదు లక్షలు కాదు, యాభై లక్షలున్నా ఒక్కటీ సాక్ష్యానికి రాదు. రిజిస్ట్రేషన్ నంబరూ అంతే. ఈ తరగతి ట్రక్కు నంబరు 4తో మొదలవుతుంది, జీపుది 20తో. మిగిలిపోయిన జీపు డెకాల్‌ను, అంటే అతికించే నంబరు ముద్రను, ట్రక్కు బానెట్ మీద అతికిస్తే అది చాలా పెద్ద జీపు అవుతుంది.

ఇదంతా నీతులు చెప్పేవాడి మాటలా ఉంటే నా అలమరలో రెండో అరలో ఉన్నదాని గురించి చెప్పాలి. రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ దృశ్యమని పదేళ్ల కిందట కట్టాను. ఫ్రాన్స్‌లో ముందుకు సాగుతున్న సైన్యానికి సరుకులు మోసిన అమెరికా ట్రక్కుల వరస అది. తెరిచిన క్యాబ్ జీఎంసీ, దారి పక్కన ఎర్ర గుండ్రం ఉన్న బోర్డు, చుట్టూ వంట సోడాతో పోసిన మంచు, క్యాబ్‌లో ఇద్దరు డ్రైవర్లు. చూసినవాళ్లంతా మంచును మెచ్చుకున్నారు. రెడ్ బాల్ దారి 1944 ఆగస్టు 25న మొదలై నవంబరు 16న మూతపడింది. నేను మనసులో పెట్టుకున్న, బెల్జియం వైపు ఆర్డెన్ అడవుల్లోని మంచు యుద్ధం డిసెంబరు 16న మొదలైంది. సరిగ్గా నెల తేడా. నేను ఐదు లక్షల్లో ఒకదాన్ని వెతుక్కోవాలన్నా ఆ దారే లేదు.

మంచు కన్నా పెద్ద తప్పు క్యాబ్‌లో కూర్చుంది. ఆ దారిలో ప్రతి నలుగురు డ్రైవర్లలో ముగ్గురు నల్లజాతి సైనికులు. అమెరికా సైన్యం అప్పటికి రంగును బట్టి దళాలను వేరుగా ఉంచేది. ఆ విభజనను రద్దు చేస్తూ అధ్యక్షుడు ట్రూమన్ ఆదేశం 1948 జూలైలో గానీ రాలేదు. పోరాట దళాల్లో చోటు దొరకని వాళ్ల చేతికి స్టీరింగ్ ఇచ్చారు, పారిస్ దాటి పరుగెత్తుతున్న ట్యాంకులకు పెట్రోలు మోయించారు. నా సూచనల కాగితం మాత్రం ముఖాలకు "చర్మపు రంగు" అని ఒకే సీసా నంబరు ఇచ్చింది. అది ఎవరి చర్మమో నేను అడగలేదు, పూసేశాను. బోల్టుల లెక్క చూసుకున్నవాణ్ణి మనుషుల లెక్క చూసుకోలేదు.

పోయిన సంక్రాంతి సెలవుల్లో దాన్ని దించాను. మంచు అట్ట నుంచి రాలేదు, గట్టిగా పట్టేసింది. అందుకని బోర్డును నిప్పర్‌తో కత్తిరించి తీసేశాను. అది ఇప్పుడు డిసెంబరులో ఆర్డెన్ వైపు వెళ్తున్న ఏదో ఒక ట్రక్కు కంపెనీ బండి. ఆ కంపెనీల్లోనూ నల్లజాతి డ్రైవర్లు ఎందరో ఉన్నారు. ఇద్దరి ముఖాలకూ చేతులకూ సన్న కుంచెతో మళ్లీ రంగు వేశాను. కుడివైపు ఆయన చేయి స్టీరింగ్ మీద ఉన్నట్టు చెక్కి ఉందని, అమెరికా బండికి స్టీరింగ్ ఎడమవైపు ఉంటుందని అప్పుడు గమనించాను. పదేళ్లుగా ఇద్దరూ తారుమారుగా కూర్చున్నారు.